హైడ్రోజన్‌కి ఎంత చోటు కావాలి

కువైట్‌లో మిష్రిఫ్‌లోని ఆ ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక మామా, అంటే యజమానురాలు, పడుకుంటుంది. మామా పడుకుందంటే ఇల్లంతా పడుకున్నట్టే. డ్రైవరు కారు తాళాలు గలగలలాడించడు, టీవీ నోరు మూసుకుంటుంది, పాత పనిమనిషి కుల్సుమ్ బీ సోఫా వెనకాల చాప పరుచుకుని కునుకు తీస్తుంది. వంటమనిషి అరుణజ్యోతికి మాత్రం సరిగ్గా అప్పుడే తెల్లవారేది. వంటింటి గట్టు తుడిచేసి, చెప్పులు చేత పట్టుకుని, పిల్లిలా మెట్లెక్కి మిద్దె మీదికి చేరేది.

మిద్దె మీద ఆమె గది, దాని పక్కన బట్టలుతికే గది. ఆ బట్టల గదిలో వాషింగ్ మెషీన్ వెనకాల ఆమె ప్రయోగశాల ఉంది. ప్రయోగశాల అనుకోవడం ఆమె సంబరమే గానీ, ఉన్నవల్లా ఒక ప్లాస్టిక్ తొట్టి, రెండు కొలజాడీలు, మూతకి బెజ్జం పెట్టి సన్నటి రబ్బరు గొట్టం దూర్చిన సీసా, ఒక థర్మామీటరు, కొన్ని కాగితం పొట్లాలు. తొట్టి ఇంటిది. మిగతావన్నీ జాన్ పాల్ సారు ఇచ్చారు. ఆయనది అమలాపురం వైపు. ఇక్కడ ఒక స్కూల్లో కెమిస్ట్రీ చెబుతూ, ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టినవాళ్లకి శుక్రవారం సాయంత్రాలు ఊరికే పాఠం చెబుతారు. డ్రైవర్లు, ఆయాలు, గోడౌన్‌లో పనిచేసేవాళ్లు ఆయన ముందు బెంచీల మీద చిన్నపిల్లల్లా ఒదిగి కూర్చుంటారు.

అరుణజ్యోతి రాతపరీక్షలన్నీ గట్టెక్కేసింది. ఇక మిగిలింది కెమిస్ట్రీ ప్రాక్టికల్ ఒక్కటే, అది ఈ శుక్రవారం పొద్దున. అది దాటితే ఇంటర్ చేతికొస్తుంది. ఇంటర్ ఉంటే కడపలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరొచ్చు. తెల్లకోటు వేసుకుని, రక్తం చుక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూసే పని. ముప్పై రెండేళ్లొచ్చాక ఇదేం కోరికని ఎవరైనా అనొచ్చు గానీ, ఆ తలపు వస్తే చాలు, ఉల్లిపాయలు తరుగుతూ కూడా ఆమెకి నవ్వొచ్చేది.

“ఏవండీ అరుణజ్యోతి గారూ,” అని సారు ఫోన్లో గొంతు రికార్డు చేసి పంపించారు. “బుర్రకెక్కాల్సింది ఎక్కేసిందండి మీకు. ఇహ చేతికెక్కాలంతే. రెండు గ్యాసులూ సమానంగా వచ్చేదాకా చేస్తానే ఉండండి. కంగారు పడ్డారో, జాడీ ఒలికిపోద్ది. ఆయ్!”

ప్రయోగం వినడానికి తేలికే. కోడిగుడ్లని డజన్లలో లెక్కపెట్టినట్టు, కంటికి కనిపించని అణువుల్ని లెక్కపెట్టడానికి మోల్ అని ఒక లెక్క ఉంది. ఏ వాయువైనా సరే, ఒకే వేడిలో, ఒకే ఒత్తిడిలో ఉంటే, ఒక మోల్‌కి పట్టే చోటు దాదాపు ఒక్కటే. దాన్నే మోలార్ ఘనపరిమాణం అంటారు. హైడ్రోజన్ అన్నిటికన్నా తేలిక. కార్బన్ డయాక్సైడ్ దానికి ఇరవై రెండింతల బరువు. అయినా రెండింటికీ సమానమైన చోటే. పుస్తకంలో మొదటిసారి చదివినప్పుడు అరుణజ్యోతి దాన్ని అచ్చుతప్పనుకుంది. బరువున్నవాళ్లకి ఎక్కువ చోటని పుట్టినప్పటినుంచీ చూస్తున్న మనిషి, ఒక్క వాక్యం చదివి ఎలా నమ్ముతుంది?

నమ్మాలంటే చేసి చూడాలి. ఒక పొట్లంలో మెగ్నీషియం రిబ్బను ముక్క, ఇంకోదాంట్లో వంటసోడా, రెండింటినుంచీ సమానమైన లెక్కలో గ్యాసు వచ్చేలా సారు తూచి కట్టించి ఇచ్చారు. నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో పడితే రిబ్బను నుంచి హైడ్రోజన్, సోడా నుంచి కార్బన్ డయాక్సైడ్ బుసబుసమని బయటికొస్తాయి. జాడీని నిండా నీళ్లతో ముంచి, తొట్టిలో తలకిందులుగా నిలబెట్టి, గొట్టం కొస దాని కిందికి జరిపితే బుడగలు పైకెక్కి నీళ్లని కిందికి నెడతాయి. ఎన్ని నీళ్లు దిగితే అంత గ్యాసు. కార్బన్ డయాక్సైడ్‌తో మాత్రం ఒక చిక్కుంది, దాన్ని నీళ్లు కొంచెం తాగేస్తాయి. అందుకని తొట్టిలో ఉప్పు దండిగా కలపాలి, సీసాలో నిమ్మ ఉప్పు నీళ్లకి ముందే ఒక చిటికెడు సోడా వేసి వాటి దాహం తీర్చాలి. మొదట్లో ఆమెకి ఇవేవీ కుదిరేవి కావు. మూత బిగించేలోపే సగం గ్యాసు గదిలోకి పారిపోయేది. వారం రోజులుగా చెయ్యి తిరిగింది. హైడ్రోజన్ యాభై గీత దగ్గర ఆగితే, కార్బన్ డయాక్సైడ్ నలభై తొమ్మిది దగ్గర ఆగుతోంది.

నీళ్లు పట్టేది ఎర్ర కుళాయిలోంచి. కువైట్‌లో ఒక్క ఎండాకాలం గడిపినవాళ్లెవరికైనా ఆ సంగతి తెలుసు. నీలం కుళాయి తిప్పితే మిద్దె మీద ట్యాంకులో కాగిన నీళ్లు చెయ్యి కాలేలా వస్తాయి. చల్లటి నీళ్లు కావాలంటే గీజర్ కట్టేసి ఎర్ర కుళాయి తిప్పాలి, ఎందుకంటే ఆ గీజర్ ఏసీ ఇంట్లో దర్జాగా నీడపట్టున ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు నాలుగు రోజులు చేతులు కాల్చుకుని నేర్చుకుంటారు. ఆరేళ్లయిన అరుణజ్యోతికి ఎర్రదంటే చల్లటిదే. చెయ్యి దానంతటదే అటు పోతుంది.

ఆ మంగళవారం ఆమె జాడీ గీతకి కన్ను ఆనించి, ఊపిరి బిగబట్టి చూస్తూ ఉండగా వెనకనుంచి గొంతు వినిపించింది.

“ఏందే ఇది?”

జాడీ చేతిలోంచి జారబోయింది. గుమ్మంలో కుల్సుమ్ బీ నిలబడి ఉంది. కడప మనిషి, ఇరవై ఏళ్లుగా ఇదే ఇంట్లో ఉంది. పుల్లలాంటి ఒళ్లు, పెద్ద కళ్లు.

“కుల్సుమక్కా! నువ్వు పండుకోలేదా?”

“నేను పండుకుంటే నువ్వు ఈ పని చేస్తాండావన్నమాట. బోర్లించిన గాజుబుడ్డి. తొట్టి నిండా ఉప్పునీళ్లు. పొట్లాల మీద ఏందో గీతలు. యా అల్లా! ఎవురి మీదకే ఇది?”

“ఎవురి మీదకీ కాదక్కా. గ్యాసును కొలుస్తాండా.”

“గాలినా? గాలిని కొలిచేదేందే? ఏ అంగట్లో అమ్ముతారే గాలిని?”

“పరీక్షకక్కా. శుక్రవారం ఉండాది. కూర్చో, చూపిస్తా.”

కుల్సుమ్ బీ కూర్చోలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండడుగులు వెనక్కి వేసింది. “నువ్వు చెప్పేది నాకే అర్థం కాలేదు, మామాకేం అవుతాది? మొన్న వెనకవీధిలో దిండులో ముడేసిన దారం దొరికిందని ఎంత రచ్చయిందో మరిచిపోయినావా? సిహర్ చేసిందని ఆ పిల్లను రెండో దినమే ఇమానం ఎక్కిచ్చినారు. చేతబడి మాటొచ్చిందంటే ఖలాస్! చెప్పుకునేదానికి నోరుండదు.”

“నువ్వు చెప్పొద్దు, ఆమె చూడదు.”

“నేనేంటికి చెప్తా?” అని కుల్సుమ్ బీ నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది. ఆమె ఒట్టు మంచిదే. ఆమె భయమే మంచిది కాదు.

ఆ మర్నాడు పొద్దున అరుణజ్యోతి చేపలు కడుగుతుండగా కుల్సుమ్ బీ మిద్దె ఎక్కింది. తోటి మనిషి కొంప మునగకముందే ఆ దరిద్రాన్ని వీధి చివర చెత్తకుండీలో పారేద్దామని ఆమె ఆలోచన. అంత మంచి ఆలోచనతో తొట్టి, జాడీలు, పొట్లాలు అన్నీ కావలించుకుని దిగుతూ, నడిమెట్ల మీద మామాకి ఎదురుపడింది.

“షిను హాదా?” అని అడిగింది మామా. ఏంటిది అని.

కుల్సుమ్ బీకి అబద్ధం చెప్పడం రాదు. ఇరవై ఏళ్లలో నేర్చుకోనూ లేదు. నోరు తెరిచింది, మూసింది, తొట్టిని మెట్టు మీద పెట్టేసి ఏడుపు అందుకుంది. ఆ ఏడుపు చూస్తే ఎవరికైనా పెద్ద ఘోరమే జరిగిందనిపిస్తుంది.

మామా ముగ్గురు కొడుకుల తల్లి, భారీ మనిషి. ఆమె మాటకి ఆ ఇంట్లో తిరుగులేదు. అరుణజ్యోతిని పిలిపించి, బల్ల మీద సామానంతా పరిపించింది. అరబ్బీలో అరుణజ్యోతికి జీలకర్ర తెలుసు, కుంకుమపువ్వు తెలుసు, అన్నం పలుకు తెలుసు. మోల్ తెలీదు. “మదరసా, మామా. ఇంతిహాన్. గ్యాస్,” అంటూ చేతులు తిప్పింది. స్కూలు, పరీక్ష, గ్యాస్ అని. మామా పొయ్యి వైపు చూసింది. పొయ్యి గ్యాసుకీ, ఉప్పుకీ, వెండిలా మెరిసే రిబ్బనుకీ పొంతన ఏమిటో ఆమెకి అర్థం కాలేదు. ఆమె మాత్రం ఏం చేస్తుంది పాపం? నెల రోజులుగా వీధంతా ఆ దారం కథే చెప్పుకుంటోంది. పైగా పది రోజులుగా ఆమె మోకాళ్లు మరీ పీకుతున్నాయి. ఎందుకు పీకుతున్నాయో ఇప్పుడు ఆమెకి తోచినట్టే ఉంది.

“నువ్వు వచ్చినరోజు అడిగాను, నీకు వేరే పనులేమీ లేవు కదా అని. లేవన్నావు.”

అది నిజమే. ముందున్న ఫిలిప్పీన్స్ పిల్ల బ్యూటీపార్లర్ పని నేర్చుకుని వెళ్లిపోయిందని, చదివేవాళ్లని ఇక ఇంట్లో పెట్టుకోనని మామా అప్పట్లో అందరితోనూ అంటూ ఉండేది. అందుకే అరుణజ్యోతి ఒక్కమాట కూడా పొక్కనివ్వలేదు. శుక్రవారం సాయంత్రాలు అక్క కూతుర్ని చూడబోతున్నానని చెప్పేది. ఇప్పుడు ఆ లేని అక్క కూతురు కూడా ఆమె మెడకే చుట్టుకుంది.

మామా సామానంతా ఒక సంచీలో వేసి మూతి కట్టించింది. అరుణజ్యోతి ఫోన్ కూడా లాక్కుంది. హాల్ టికెట్ ఆ ఫోన్లోనే ఉంది. “ఖురాన్ చదివి ఊదే పెద్దాయన్ని పిలుస్తాను. శనివారం వస్తాడు. అప్పటిదాకా నువ్వు వంటింట్లోకి రాకు.”

అన్నిటికన్నా ఆ ఆఖరి మాట గుచ్చుకుంది. ఆరేళ్లుగా ఆ ఇంట్లో ఎవరి అన్నంలో ఎంత ఉప్పుండాలో చూసి పెట్టిన చెయ్యి. ఆ చేతి వంట తినడానికి ఇప్పుడు భయపడుతున్నారు. అరుణజ్యోతి గుమ్మం దాకా వెళ్లినదల్లా వెనక్కి తిరిగింది.

“మామా, పారేసే ముందు ఒక్కసారి చూడండి. మీ ముందే చేస్తాను. చూశాక ఎయిర్‌పోర్టుకి పంపించినా సరే.”

మామా సంచీ పట్టుకుని తన గదిలోకి వెళ్లిపోయింది.

ఆ రోజు వంట కుల్సుమ్ బీ చేసింది. ఇల్లు తుడవమంటే అద్దంలా తుడుస్తుంది ఆమె, బట్టలు మడతపెట్టమంటే అంగడిలో పెట్టినట్టు పెడుతుంది. కానీ పొయ్యి ముందు నిలబడితే కొలతలు మరిచిపోతుంది. మచ్‌బూస్ అనే బిర్యానీలాంటి అన్నంలో ఎండు నిమ్మకాయలు రెండు వెయ్యాల్సినచోట గుప్పెడు వేసింది. అన్నం ఒకవైపు జావ, ఇంకోవైపు పలుకు. మామా ఒక ముద్ద తిని, మొహం అదోలా పెట్టి, “ఇది అన్నమా, మందా?” అంది. పెరుగులో ఖర్జూరాలు ముంచుకు తిని లేచింది. రాత్రికీ అదే తంతు. కిటికీలు తుడుస్తూ అరుణజ్యోతి అదంతా చూస్తూనే ఉంది. నవ్వకూడదని పెదవి కొరుక్కుంది. అంత దిగుల్లోనూ నవ్వొచ్చింది ఆమెకి.

“నా చేత్తో నేనే చేసినా గదే ఇదంతా,” అని కుల్సుమ్ బీ ముక్కు చీదింది.

“ఏడొద్దులేక్కా. రేపు నిమ్మకాయలు రెండే వెయ్యి.”

గురువారం పొద్దున చలి మొదలైంది. నవంబరులో ఒక రోజు అలా ఉన్నట్టుండి వచ్చేస్తుంది, దుప్పట్లు వెతుక్కునేలోపే. భోజనాల వేళకి, గుప్పెడు నిమ్మకాయలు రెండుకి తగ్గినా అన్నం మాత్రం ముద్దయిపోయిందని తేలాక, మామా చెయ్యి కడుక్కుని వచ్చి సంచీని వంటింటి బల్ల మీద దబ్బున పెట్టింది.

“ఎవరో వచ్చి నాకు చెప్పేదేంటి? నా ఇల్లు, నా బల్ల, నా కళ్లు. యల్లా, చెయ్యి. కానీ ఆ చేతులతో నా గిన్నెలు ముట్టుకోకు. గ్లవ్స్ వేసుకో.”

అరుణజ్యోతి అంట్లు తోమే పసుపుపచ్చ మందపాటి గ్లవ్స్ మోచేతుల దాకా లాక్కుంది. లోపల ఏం జరిగేదీ తనకి కనబడాలని మామా రెండు పెద్ద గాజు గిన్నెలు తీసిచ్చింది. అరుణజ్యోతి ఎర్ర కుళాయి తిప్పి ఒక గిన్నె నింపింది, తరవాత రెండోది నింపింది. ఉప్పు పోసి కలిపింది. థర్మామీటరు గోడకి ఆనించి గది వేడి చూసింది. కంగారు పడ్డారో జాడీ ఒలికిపోద్ది, ఆయ్, అన్న సారు మాట గుర్తుకు తెచ్చుకుంది.

ముందుగా చెప్పాల్సింది చెప్పాలి. వంటింటి అరబ్బీతోనే చెప్పింది.

“మామా, ఈ పొట్లంలోంచి వచ్చేది చాలా బరువు గ్యాసు. ఇందులోంచి వచ్చేది చాలా తేలిక. కానీ డజను గుడ్లలాగా రెండింట్లోనూ లెక్క ఒకటే. బరువుదైనా తేలికదైనా చోటు సమానంగా తీసుకుంటాయి. ఇప్పుడు మన ఇంట్లో, కుల్సుమక్క ఇంత సన్నం, మీరేమో…” అని నోరు జారి, నాలుక కరుచుకుంది.

కుల్సుమ్ బీ కళ్లు మూసుకుంది.

“అంటే నేను ఆ బరువు గ్యాసునా?” అంది మామా.

“కాదు మామా! ఉదాహరణకి!”

“చెయ్యి,” అంది మామా. కోపం వచ్చిందో లేదో మొహంలో తెలియలేదు గానీ, కుర్చీ మాత్రం కొంచెం దగ్గరికి లాక్కుంది.

మొదటి గిన్నెలో బరువు గ్యాసు. నిమ్మ ఉప్పు నీళ్లకి చిటికెడు సోడా వేసి దాహం తీర్చి, పొట్లం వదిలి, చటుక్కున మూత బిగించింది. బుడగలు ఒకదాన్నొకటి తోసుకుంటూ జాడీలోకి ఎక్కాయి. మామా మెడ ముందుకి సాగింది. నురగ ఆగాక అరుణజ్యోతి జాడీని పైకీ కిందికీ జరిపి, లోపలి నీళ్లూ బయటి నీళ్లూ ఒకే మట్టానికి తెచ్చి గీత చూపించింది. నలభై తొమ్మిది.

“ఇప్పుడు తేలికది. అదీ ఇక్కడికే రావాలి.”

రెండో గిన్నె. రిబ్బను ముక్క నీళ్లలో పడీపడగానే బుసలు కొట్టింది. బుడగలు సన్నగా, చురుగ్గా, వరసకట్టి పైకి పోయాయి. నలభై దాటింది. యాభై దగ్గరికి వచ్చింది. అరుణజ్యోతి మొహం విప్పారింది. యాభై కూడా దాటింది. ఆగలేదు. యాభై రెండు, నాలుగు. జాడీలో నీళ్లు ఒక్కొక్క గీతా దాటి కిందికి దిగుతూ ఉంటే, ఆమె ప్రాణం కూడా వాటితోపాటే జారిపోయింది. చివరికి యాభై ఆరు దగ్గర నిలబడింది.

“సమానం అన్నావు,” అంది మామా.

అరుణజ్యోతి ఖాళీ పొట్లాల కాగితాలు తిరగేసి చూసింది. పొట్లం మారిపోయిందా? సారు తప్పు తూచారా? వారం రోజులూ కుదిరింది ఈ రోజే ఎందుకు తప్పింది? కుల్సుమ్ బీ పెదాల కింద ఏదో చదువుకోవడం మొదలుపెట్టింది.

“సమానం అన్నావు. నాకు అబద్ధం చెప్పావు. ఇందులో ఇంకేదో ఉంది.” మామా లేచి, చేతి మడతలు పైకి తోసుకుని, గిన్నెలో ఏ వెంట్రుకో, ఏ కాగితమో దాచారేమో చూద్దామని రెండో గిన్నెలో చెయ్యి పెట్టింది. అడుగంతా తడిమింది. ఏమీ దొరకలేదు. చెయ్యి తీయబోయి ఆగింది. తీసి, మొదటి గిన్నెలో పెట్టింది. మళ్లీ తీసి రెండోదాంట్లో పెట్టింది.

“ఇది వేడిగా ఉందేంటి?”

అరుణజ్యోతి గ్లవ్స్ ఊడబెరికి రెండు గిన్నెల్లోనూ చేతులు ముంచింది. మొదటివి చల్లటి నీళ్లు. రెండోవి, పసిపిల్లకి స్నానానికి తోడినట్టు గోరువెచ్చగా ఉన్నాయి. ఎర్ర కుళాయి వైపు చూసింది.

“కుల్సుమక్కా, గీజర్ ఏసినావా?”

“పొద్దున ఏసినా. చలిగా ఉండాది, కాళ్లకు ఏన్నీళ్లు కావల్లని మామానే ఏయమనె.”

ఏటా ఆరు నెలల ఎండాకాలపు అలవాటు ఒక్క మీట నొక్కితే తలకిందులైపోయింది. గొట్టంలో నిలిచి ఉన్న చల్లటి నీళ్లు మొదటి గిన్నెలోకి వచ్చాయి, వాటి వెనకే గీజర్‌లో కాగినవి కలుస్తూ రెండో గిన్నెలోకి వచ్చాయి. మందపాటి గ్లవ్స్ తొడుక్కున్న చేతికి ఆ తేడా తెలియనే లేదు. గోడకి ఆనించిన థర్మామీటరుని ఒక్కసారి నీళ్లలో ముంచి ఉంటే సరిపోయేది. అరుణజ్యోతి తలమీద కొట్టుకుని, ఏడవాలో నవ్వాలో తెలియక నవ్వేసింది.

“అబద్ధం కాదు మామా! తప్పు నాది. వేడికి గ్యాసు ఉబ్బుతుంది. ఒకే వేడిలో ఉంటేనే సమానం. పెనం మీద రొట్టె పొంగదూ, అలా ఇది ఇందులో పొంగింది. దీన్ని చల్లారిస్తే దిగిపోతుంది.”

“ఇదే గ్యాసా? మళ్లీ చెయ్యకుండా?”

“ఇదే. గిన్నెలో వేడినీళ్లు కొంచెం కొంచెం తీసేసి, చల్లటి ఉప్పునీళ్లు పోస్తే చాలు.”

మామాకి ఇది నచ్చింది. బిందెలాంటి గాజు జగ్గు తనే అందుకుని, చలికి మిద్దె మీద ట్యాంకు చల్లబడింది కనక నీలం కుళాయి కింద పట్టింది. వేలు పెట్టి చూసుకుంది, ఉప్పు వేయించుకుంది. గిన్నె దాకా వచ్చి, జగ్గు వంచబోయి, ఎందుకో ఆగింది.

“అది సరే. ఇది నేర్చుకుని నువ్వేం చేస్తావు?”

ఇప్పుడు ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఊరికే నేర్చుకుంటున్నానని చెప్పొచ్చు, సర్టిఫికెట్టు ఇంట్లో గోడకి తగిలించుకోవడానికని చెప్పొచ్చు. ఇంతలోనే ఇంకో అక్క కూతుర్ని పుట్టించడానికి అరుణజ్యోతికి మనసు రాలేదు.

“రేపు పొద్దున పరీక్షలో పాసైతే మా ఊరి దగ్గర ఆసుపత్రి పని చదువుతాను మామా. రక్తం పరీక్ష చేసే పని.”

“అంటే వెళ్లిపోతావు.”

“ఇప్పుడే కాదు. అగ్రిమెంట్ అయిపోయాక.”

“వెళ్లిపోతావు,” అంది మామా మళ్లీ. ఈసారి అడిగినట్టు లేదు.

కుల్సుమ్ బీ ఒకరి మొహం వదిలి ఒకరి మొహం చూస్తోంది. మామా జగ్గులోకి చూస్తూ నిలబడింది. ఆ మొహంలో కోపం లేదు, దిగులుంది. ఆరేళ్లుగా తన మోకాళ్లకి నూనె రాసినదీ, కొడుకులు ఫోన్ చెయ్యని సాయంత్రాల్లో పక్కన కూర్చుని బఠానీలు ఒలిచినదీ ఈ మనిషే. అరుణజ్యోతికి మాత్రం మాటని వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

అప్పుడు మామా జగ్గు వంచింది.

చాలా నెమ్మదిగా, ధార కట్టి పోసింది. అరుణజ్యోతి ఒక గరిటెతో వేడినీళ్లు తోడేస్తోంది, మామా చల్లటివి పోస్తోంది. మొదట ఏమీ కనబడలేదు. తరవాత జాడీ లోపల నీళ్లు ఒక గీత పైకెక్కాయి. “వల్లా!” అంది మామా. ఇంకో గీత. కుల్సుమ్ బీ చదువుకోవడం మానేసి దగ్గరికొచ్చింది. మామా జగ్గు మళ్లీ నింపుకొచ్చింది, ప్రతిసారీ వేలు ముంచి చూసుకుంటూ, చాలనిపించనప్పుడు ఫ్రిజ్‌లోంచి ఒక సీసా తీసి కలుపుతూ. ఒకసారి మరీ చల్లగా ఉందేమోనని అరుణజ్యోతి అనబోతే, “ఉండు, నాకు తెలుసు,” అని కసురుకుంది. యాభై మూడు. యాభై ఒకటి. రెండు గిన్నెల్లోనూ వేళ్లు మార్చి మార్చి పెట్టి, రెండూ ఒక్కలాగే ఉన్నాయని మామాకి తృప్తి కలిగేసరికి, హైడ్రోజన్ యాభై గీత దగ్గర బుద్ధిగా ఆగింది. పక్కన కార్బన్ డయాక్సైడ్ దానికి ఒక్క వెంట్రుకవాసి తక్కువలో నిలబడి ఉంది.

మామా వంగి, రెండు జాడీల మట్టాల్నీ ఒక కన్ను మూసి చూసింది. తరవాత కుల్సుమ్ బీని చూసింది, తన ఒంటిని చూసుకుంది.

“నేనూ కుల్సుమూ ఒకటేనా!” అని, పొట్ట పట్టుకుని నవ్వింది. అలా నవ్వగా కుల్సుమ్ బీ ఇరవై ఏళ్లలో నాలుగుసార్లు కూడా చూసి ఉండదు.

నవ్వు ఆగాక మామా చేతులు తుడుచుకుని, ఫోన్ తీసి చెల్లెలికి కలిపింది. శుక్రవారం భోజనానికి చెల్లెలి కుటుంబం, ముగ్గురు కొడుకులు, కోడళ్లు, మనవలు అంతా ఈ ఇంటికే రావాలి. ఇటువైపు మాటలు మాత్రమే అరుణజ్యోతికి వినిపించాయి.

“రేపు భోజనం నీ ఇంట్లో… లేదు, నాకు ఒంట్లో బాగానే ఉంది… నా వంటామెకి పొద్దున పరీక్ష ఉంది. కెమిస్ట్రీ… నవ్వకు. నీ కొడుకు రెండుసార్లు తప్పింది అందులోనే… తెలుసు. పాసైతే వెళ్లిపోతుందని నాకు తెలుసు… తెలిసే చెబుతున్నా.”

ఫోన్ పెట్టేసి, సొరుగులోంచి అరుణజ్యోతి ఫోన్ తీసి బల్ల మీదుగా ఆమె వైపు జరిపింది. అరుణజ్యోతి దాన్ని అందుకుని, మామా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఇంకా చల్లగా ఉంది. మామా చేతిని విడిపించుకుని, కుర్చీని బల్లకి మరింత దగ్గరగా లాక్కుంది.

“ఆ పొట్లాలు ఇంకా ఉన్నాయా?” అంది. “ఈసారి మూత నేను బిగిస్తాను.”